ముప్పై రెండో కుర్చీ

మంగళవారం మధ్యాహ్నానికి అతని చేతిలో ఉన్నవి రెండు వేల నూట నలభై ఆరు పాయింట్లు, వీడియో గేమ్ ఆటగాళ్ళ లిస్టులో పంతొమ్మిదో స్థానం, ఆదివారం సాయంత్రం ఆరింటి దాకా గడువు. గడువు ముగిసేసరికి మొదటి ముప్పై రెండు స్థానాల్లో ఎవరుంటే వాళ్ళకు హాల్లో కుర్చీ. ఆ పై ఆదివారం ఆ ముప్పై రెండు మందీ ఒకచోట చేరి, ఎదురెదురుగా కూర్చుని, జనం చూస్తుండగా ఆడతారు. ఈ లోపల అతను ఒక్క ఆట కూడా ఆడకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. వెనకనుంచి పద్నాలుగు మంది దాటిపోతే గాని అతని కుర్చీకి ఎసరు రాదు. అంతమంది అయిదు రోజుల్లో దాటలేరు. ఈ లెక్క వేసుకునే నెలరోజులుగా అతను పోటీ ఆట ముట్టుకోలేదు.

అతనిది కుట్టు సామాన్ల కొట్టు. గుండీలు, జిప్పులు, కాలరు కాన్వాసు, లైనింగు గుడ్డ, దారపు రీళ్ళు. ఆటలో అతను పెట్టుకున్న పేరు జిప్పు. సంగతి తెలిసిన దర్జీలు కొట్లోనూ అలాగే పిలిచేవారు. కొట్టు వెనక గదిలో అట్టపెట్టెల మధ్య ఒక టీవీ, దానికింద గేమ్ డబ్బా, రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు ఉండేవి. తెరమీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట అది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ పలచబడుతుంది. ఆ రెండు గంటలూ అతనివి. పొద్దంతా బటన్లు అమ్మి, మిగిలిన టైములో బటన్లు నొక్కుతారు, మీ నొసట బటన్లు తప్ప ఇంకేం రాయలేదా అని భార్య అడిగేది.

ఆ పాయింట్లు ఎలా వచ్చాయో అతనికి బాగా తెలుసు. ఆట మొదలయ్యే ముందు ఎదుటివాడి పేరు, పాయింట్లు, నూటికి ఎన్ని గెలిచాడన్నదీ తెరమీద కనిపిస్తాయి. ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. కొట్లోకి వచ్చినవాణ్ణి చూడగానే కొనేవాడో ఊరికే తడిమి పోయేవాడో చెప్పగలిగే కన్ను అతనిది. ఆ కన్ను ఇక్కడా పనికొచ్చింది. గట్టివాణ్ణి వద్దన్నాడు, మెత్తనివాణ్ణి రానిచ్చాడు. ఒక ఆట గెలిచాక ఎదుటివాడు మళ్ళీ ఆడదామంటే తప్పుకున్నాడు. అలా రెండేళ్ళలో పోగేసిన సరుకు అది. పోయినేడు ఆ సరుకు మోసుకుని హాలుకు వెళితే రెండు ఆటలూ కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. రెండూ ఓడి, తెచ్చుకున్న నీళ్ళ సీసా మూతైనా తీయకుండా బస్సెక్కాడు.

ఆ మంగళవారం కాజాల ఆవిడ అతన్ని వరుసగా పది ఆటలు ఓడించింది.

కొట్టు పక్కన మేడమెట్ల కింద ఒక మనిషి, ఒక మిషను పట్టేంత చోటు ఉంది. ఆవిడ అక్కడ కూర్చుని షర్టులకు కాజాలు వేసేది. నలభై అయిదేళ్ళుంటాయి. దారానికి, సూదులకు రోజూ కొట్టుకు వచ్చేది. అతను అక్కా అనేవాడు, ఆవిడ తమ్ముడూ అనేది. గిరాకీ లేని వేళ ఒకరోజు వెనకగదిలోకి తొంగిచూసి, ఇది నాకూ వచ్చులే అని రెండో స్టూలు మీద కూర్చుంది. అది మొదలు వారానికి రెండుమూడు సార్లు కూర్చుంటూనే ఉంది. ఎప్పుడూ ఆవిడే గెలిచేది. అతను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పాయింట్లు లేని ఆట కదా అనుకునేవాడు.

ఆరోజు కాన్వాసు కోసం వచ్చిన, కోట్లు కుట్టే మేస్త్రీ కూడా వెనకగది గుమ్మంలో నిలబడి చూశాడు. మెడలో టేపు, చెవిలో సుద్దముక్క. పదో ఆట అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"పంతొమ్మిదో వాడివి నువ్వేనా? ఆ పైనున్న పద్దెనిమిది మందికీ ఈవిడ ఇక్కడ ఉందని చెప్పకు. పాపం, అన్నం మానేస్తారు."

అతను నవ్వాలని చూశాడు గాని నవ్వు రాలేదు. మేస్త్రీ కాన్వాసు చుట్ట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు విరుచుకుంది.

"నువ్వు కింద పడ్డావనుకో," అంది, "లేస్తూనే ఏం చేస్తావో నాకు తెలుసు. నీకే తెలియదు."

ఏం చేస్తానని అడిగాడు. గుద్దుతావు, అంది. ప్రతిసారీనా అన్నాడు. చూపించింది. ఆవిడ ఆడే మనిషి సన్నగా, పొడుగ్గా ఉండే ఆడమనిషి. అతనిది లావుపాటి గుండువాడు. గుండువాణ్ణి పడేసి, సన్నమనిషి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. గుండువాడు లేస్తూ గాలిలోకి ఒక గుద్దు గుద్దాడు. గుద్దిన చెయ్యి వెనక్కి వచ్చేలోపల సన్నమనిషి నాలుగు దెబ్బలు కొట్టింది. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేస్తూ గుద్దాడు. ఈసారి గుద్దకూడదని అనుకుంటూనే గుద్దాడు. అతని కుడి బొటనవేలు అతన్ని అడగలేదు.

లేచేటప్పుడు కాచుకోవాలి, అంది ఆవిడ. కుడిచేత్తో ఏమీ నొక్కకుండా, ఎడమచేత్తో కంట్రోలరు పుల్లను వెనక్కి పట్టుకుని ఉండాలి. ఎదుటివాడు కొడతాడు, తగలదు. ఆ తర్వాత నీ వంతు వస్తుంది. నువ్వు ఎంచుకుని ఆడే మెత్తనివాళ్ళ దగ్గర ఆ గుద్దు చెల్లింది కాబట్టి నీ వేలికి అదే అలవాటైంది. హాల్లో నీ పప్పులుడకవు.

"మరెలా మానడం?"

ఆవిడ లేచి కొట్లోకి వెళ్ళి అరమీదనుంచి పెద్ద దారపు రీలు ఒకటి తెచ్చింది. నేవీబ్లూ. అతని కుడిచేతిలో పెట్టింది.

"ఇది పట్టుకుని ఒంటిచేత్తో ఆడు. ఎడమచేత్తో కాచుకోవడం ఒక్కటే. రీలు కింద పడిందంటే నీ వేలు బటన్ మీదికి పోయిందన్నట్టు."

ఆవిడతోనే అలా ఆడతానన్నాడు. నాతో కాదు, పోటీలో ఆడమంది ఆవిడ. ఎవరొస్తే వాళ్ళతో, వద్దనకుండా.

"పాయింట్లు పోతాయి కదక్కా."

"పోతాయి. ఉత్తినే ఆడితే నీ వేలు బుద్ధిగానే ఉంటుంది తమ్ముడూ. పాయింట్లు పెట్టినప్పుడే దానికి పిచ్చెక్కుతుంది. పిచ్చెక్కేచోటే కదా నేర్పాలి."

"కుర్చీ పోతేనో?"

"పోతే పోయింది. ఉంచుకుని ఏం చేస్తావు, పోయినేడు చేసిందేగా."

ఆవిడ వెళ్ళాక అతను చాలాసేపు లిస్టు తెరిచి చూస్తూ కూర్చున్నాడు. అరల మీద పాత సరుకు ఉండనే ఉంది. ఎప్పుడో కొన్న పెద్ద ఇత్తడి గుండీలు, ఇప్పుడెవరూ అడగరు. అవి ఉన్నాయన్న ధైర్యం తప్ప వాటివల్ల ఒరిగింది లేదు. పైగా చోటు దండగ. రెండు వేల నూట నలభై ఆరు కూడా అంతేనని అతనికి ఆ మధ్యాహ్నం అర్థమైంది. వాటిని కాపాడటానికి ఆట మానేశాడు. ఆట మానేసినవాడు ఆట నేర్చుకునేదెప్పుడు?

మూడున్నరకు రీలు కుడిచేత్తో పట్టుకుని మొదటి ఆట ఒప్పుకున్నాడు. ఎదుటివాడి పాయింట్లు చూడకుండా ఉండటానికి కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. నాలుగయ్యేలోపు ఆరు ఆటలు ఓడాడు. రీలు పదకొండుసార్లు కిందపడి, ఒకసారి టీవీ వెనక్కి దొర్లింది. ఎదుటివాళ్ళలో ఒకడు ఆట మధ్యలో, నిద్రపోతున్నారా సార్ అని రాసి పంపాడు. అరవై పాయింట్లు పోయాయి. ఇరవై అయిదో స్థానం. గల్లాపెట్టె దగ్గరికి వచ్చి కూర్చుంటే, గిరాకీ అడిగిన తెల్లగుండీలకు బదులు నల్లవి కట్టిచ్చాడు. ఆ గిరాకీ వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చి కేకలేసేదాకా చూసుకోలేదు.

బుధవారం కొట్టు కిటకిటలాడింది. స్కూళ్ళు తెరిచే రోజులు. యూనిఫాం షర్టులు కట్టలు కట్టలుగా దిగాయి. గుండీలు పన్నెండు డజన్లకో గ్రోసు చొప్పున లెక్కపెట్టి పొట్లాలు కట్టడంతో రెండు దాటింది. మెట్లకింద కాజా మిషను ఆగకుండా కొడుతూనే ఉంది. దారం ఇవ్వడానికి వెళ్ళి అతను కాసేపు నిలబడి చూశాడు. ఆవిడ సుద్ద గుర్తు మీద గుడ్డ పెట్టి, కాలితో నొక్కి, చేతులు పైకెత్తేసేది. మిషను తన పని తాను చేసుకునేది. గుర్తు చుట్టూ కుట్టు తిరిగేది, ఆఖర్న కత్తి టక్కున పడేది. ఆ లోపల గుడ్డను సర్దుదామని చెయ్యి పెట్టినవాళ్ళ వేళ్ళు పోయాయి, అంది ఆవిడ తల తిప్పకుండా. కొత్తవాళ్ళకు మొదటినెలంతా చేతులెత్తడమే నేర్పిస్తాం, కుట్టు తర్వాత.

ఆరోజు ఏడు ఆటలు ఆడాడు. ఆరు ఓడాడు. ఏడోది ఎలా గెలిచాడో అతనికే తెలియదు. ఒంటిచేత్తో కాచుకుంటూ ఉంటే ఎదుటివాడు విసిగిపోయి పిచ్చిపిచ్చిగా దూకి, చివరికి తనే బరి అంచు దాటి పడి ఓడాడు. రెండు వేల ముప్పై ఆరు. ఇరవై తొమ్మిదో స్థానం. రీలు మూడుసార్లే పడింది. ఆ మూడు అన్న అంకె అతనికి పాయింట్లకంటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. భార్యతో చెబితే, ఓడిపోయారు, పైగా దారం కిందపడలేదని సంబరమా, అంది. జ్వరమేమైనా ఉందేమోనని నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది కూడా.

గురువారం రీలు ఒక్కసారి కూడా పడలేదు. రెండు చేతులతో ఆడటం మొదలుపెట్టాడు. అయిదు ఆటల్లో రెండు గెలిచాడు, పది పాయింట్లు పోయాయి. గెలిచినవాటిలో ఒకటి, ఇదివరకైతే పేరు చూడగానే వద్దని తప్పుకునే గట్టివాడి మీద. కింద పడ్డాడు, లేచాడు, ఏమీ నొక్కలేదు. తెరమీద దెబ్బలు గుండువాడి ముంజేతుల మీద టపటపా పడి జారిపోయాయి. అప్పుడు ఎదుటివాడికి ఒక్క క్షణం ఏమీ చేతకాని ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ ఆటలో ఉంటుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. తను ఎప్పుడూ దాన్ని తన గుద్దుతోనే పూడ్చేసుకున్నాడు. శుక్రవారం ఇంకో పదిహేను పోయి రెండు వేల పదకొండుకు దిగాడు. ముప్పై రెండో స్థానం. ఆఖరి కుర్చీ.

శనివారం పొద్దున్న లిస్టు చూసినప్పుడు కూడా అతను తన పైవాళ్ళనే చూశాడు. కింద ఎవరున్నారన్నది అంకెగానే చూశాడు. ముప్పై మూడు, రెండు వేల నాలుగు. ఏడు పాయింట్ల ఎడం. ఆ అంకె ముందు ఉన్న పేరు చదవలేదు.

మధ్యాహ్నం కాజాల ఆవిడ వచ్చి ఒక మాట అడిగింది. ఇంట్లో ఆమెకొక పాత డబ్బా ఉంది. నెట్ మాత్రం ఫోన్లోంచి పట్టుకోవాలి. ఈ మధ్య అది ఊరికే తెగిపోతోంది. తెగితే మామూలు ఓటమికి రెండింతలు పాయింట్లు కోస్తారు. నీ డబ్బాలో నా పేరు తెరిచి ఇవాళా రేపూ నాలుగు ఆటలు ఆడుకోనా అని అడిగింది. దానికేం అక్కా అన్నాడు అతను. ఆవిడ స్టూలు మీద కూర్చుని తన పేరు, రహస్యపదం ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. తెర మారింది. రెండు వేల నాలుగు. ముప్పై మూడో స్థానం.

బయట ఎవరో గాజు గుండీల ధర అడుగుతున్నారు. అతను కదల్లేదు.

"మీరా?" అన్నాడు చివరికి.

"నేనే."

"చెప్పలేదు."

"నువ్వు అడగలేదుగా."

నిజమే. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. మెట్లకింద కాజాలు వేసుకునే మనిషికి లిస్టులో చోటుంటుందని అతనికి తట్టనే లేదు. ఆ సంగతి తనే ఒప్పుకోవాల్సి రావడంతో అతనికి కోపం వచ్చింది.

"అందుకేనా నన్ను ఒంటిచేత్తో ఆడించి కిందికి దింపారు?"

ఆవిడ అతనివైపు తిరిగి చూసింది. కంట్రోలరు ఇంకా చేతిలోనే ఉంది.

"మంగళవారం నేను నలభై ఒకటిలో ఉన్నాను తమ్ముడూ. నువ్వు పంతొమ్మిది. నీ కుర్చీ నాకెక్కడ అందుతుంది? నువ్వు దిగావు, నేను ఎక్కాను. దారిలో కలిశాం, అంతే."

"నమ్మమంటారా?"

"నేను నేర్పింది దొంగసరుకైతే నమ్మొద్దు. నీ వేలు ఆగిందా లేదా, అది చూసుకో."

తనే మళ్ళీ అంది, ఈసారి గొంతు తగ్గించి. "నాకూ ఒక్కసారి మనుషుల మధ్య కూర్చుని ఆడాలని ఉంది. పదకొండేళ్ళుగా గోడకు మొహంపెట్టి కూర్చున్నాను."

అతను లేచి, కిందపెట్టి ఉన్న యూనిఫాం గుండీల పెట్టె ఎత్తి తను కూర్చున్న స్టూలు మీద పెట్టాడు. ఇవాళ సరుకు సర్దాలి, అన్నాడు. రేపు ఆదివారం, కొట్టు తీయనక్కా, అన్నాడు. ఆ మాటలు అనేటప్పుడు అతని చూపు పెట్టెమీద అంటించిన చీటీ మీద ఉంది.

ఆవిడ బతిమాలలేదు. తెరమీద తన పేరు మూసేసి, కంట్రోలరును పైట చెంగుతో తుడిచి టీవీ కింద పెట్టింది. వెళ్తూ వెళ్తూ, పది నంబరు సూదులు అయిపోయాయి, సోమవారానికి తెప్పించు, అంది.

ఆదివారం మూడింటికి అతను ఇంట్లో, స్టాకు లెక్క చూసుకోవాలన్నాడు. ఆదివారం కూడానా అంది భార్య. గంటలో వస్తానన్నాడు. షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, మళ్ళీ దించేశాడు. వెనకగదిలో ట్యూబులైటు వేసుకుని లిస్టు తెరిచాడు. అతను రెండు వేల పదకొండు. ఆవిడ రెండు వేల నాలుగు. పొద్దుటినుంచి ఆవిడ ఒకటి గెలిచి ఒకటి ఓడినట్టుంది, అక్కడే ఉంది. కాని ఇంకొక్క ఆట ఎవరిమీద గెలిచినా అతన్ని దాటుతుంది. చేతులు కట్టుకుని కూర్చుంటే కుర్చీ ఉంటుందన్న లెక్క ఇప్పుడు చెల్లదు.

నాలుగున్నరకు పోటీ ఆట నొక్కాడు. దగ్గర దగ్గర పాయింట్లున్నవాళ్ళను వెతికి జతచేయడం ఆ ఆట పద్ధతి. ఎక్కువసేపు వెతకలేదు. ఆవిడ పేరే వచ్చింది.

వద్దనడానికి పది సెకన్లు ఉంటాయి. వద్దంటే ఆవిడకు ఇంకెవరో మెత్తనివాడు దొరుకుతాడు. ఒప్పుకుంటే తను పోవచ్చు. అతను ఆ పది సెకన్లలో తొమ్మిది వాడుకుని ఒప్పుకున్నాడు. అటునుంచి ఆవిడ కూడా వద్దనలేదు.

మొదటి రౌండు ఆవిడది. చూస్తుండగానే అయిపోయింది. రెండో రౌండులో అతను కాచుకున్నాడు. పడ్డాడు, లేచాడు, కాచుకున్నాడు. సన్నమనిషి అడుగు వెనక్కి వేసి అతని గుద్దు కోసం ఎదురుచూసింది. ఆ గుద్దు రాలేదు. అతనే ముందుకి వెళ్ళి పట్టుకుని విసిరాడు. రెండో రౌండు అతనిది. ఇంత బాగా తను ఎప్పుడూ ఆడలేదు. పాయింట్లు గుర్తులేవు, కుర్చీ గుర్తులేదు. గోడకు అవతలెక్కడో ఆవిడ ఏం ఆలోచిస్తోందో అన్నదే ఉంది. ఆవిడ కూడా తన గురించి అలాగే ఆలోచిస్తోందని తెలుస్తోంది. మూడో రౌండులో ఇద్దరికీ తెరమీద ప్రాణం గీత ఒక వేలెడంత మిగిలింది. గుండువాడు పడ్డాడు. లేస్తున్నాడు. సన్నమనిషి మీదికి వస్తోంది. అతను వెనక్కి పట్టుకుని ఉన్నాడు. కుడి బొటనవేలు బటన్ మీద ఆనకుండా గాలిలో ఉంది.

బొమ్మ ఆగిపోయింది.

సన్నమనిషి కాలు గాలిలో ఉండగానే తెర మసకబారి మీద అక్షరాలు వచ్చాయి. ఎదుటివారి నెట్ తెగింది. అరవై సెకన్లు ఆగవచ్చు, లేదా గెలుపు తీసుకోవచ్చు. కింద రెండు గళ్ళు. మూలన అంకె తగ్గుతోంది. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది. యాభై ఏడు.

నొక్కాడు.

పన్నెండు పాయింట్లు వచ్చి కలిశాయి. గుండువాడు రెండు చేతులూ పైకెత్తి ఎగిరాడు, గెలిచినప్పుడల్లా ఎగిరినట్టే. అతను కంట్రోలరు పక్కనపెట్టి ఆరింటిదాకా అక్కడే కూర్చున్నాడు. ఫోను రెండుసార్లు మోగింది, భార్య. తీయలేదు. ఆరింటికి లిస్టు ఆగిపోయింది. రెండు వేల ఇరవై మూడు పాయింట్లతో అతను ముప్పై రెండు. నెట్ తెగినందుకు రెండింతలు కోయగా ఆవిడ పంతొమ్మిది వందల ఎనభై. ముప్పై ఏడో స్థానం.

సోమవారం ఆవిడ తొమ్మిదింటికే వచ్చింది. పది నంబరు సూదులు వచ్చాయా అని అడిగింది. వచ్చాయన్నాడు. రెండు పొట్లాలు, తెల్లదారం ఆరు రీళ్ళు తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ రీళ్ళను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి, కొస లాగి, గట్టిదనం చూసుకుని సంచిలో వేసుకుంది. రోజూ చేసేదే. ఇవాళ ఇంకాస్త నెమ్మదిగా చేసినట్టనిపించింది అతనికి.

"నిన్న నెట్ పోయిందా అక్కా?" అన్నాడు. తెలిసి అడిగిన ప్రశ్న.

"పోయింది. ముప్పై ఒకటి లెక్కపెట్టేసరికి మళ్ళీ వచ్చింది."

అతను బల్లమీద ఉన్న కత్తెరను తీసి ఇంకోచోట పెట్టాడు.

"వేలు దానంతటదే నొక్కేసిందక్కా. నేను కావాలని..."

"మంగళవారం అయితే నమ్మేదాన్ని," అంది ఆవిడ.

సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి పక్కన కాజా మిషను మొదలైంది. కుట్టు తిరిగిన చప్పుడు, కత్తి పడిన చప్పుడు, మళ్ళీ కుట్టు.

ఆరోజంతా అతను లెక్కలు కట్టాడు. నేను రావడం లేదని హాలువాళ్ళకు రాస్తే కుర్చీ ముప్పై మూడోవాడికి పోతుంది. వాడెవడో అతనికి తెలియదు, ఆవిడకూ తెలియదు. ఆవిడదాకా రావాలంటే అతనితోపాటు ఇంకో నలుగురు వద్దనాలి. అంటే తను వదులుకున్నా ఆవిడకు చేరదు. ఈ లెక్క కుదిరినప్పుడు అతనికి లోపల ఎక్కడో తేలికైంది. తేలికైనందుకు తనమీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినా లెక్క మాత్రం మారలేదు. బుధవారం నుంచి ఆవిడ దారం కోసం రావడం మానేసింది. వీధి చివరి కొట్టు సంచి చేత్తో పట్టుకుని ఈ కొట్టు ముందునుంచే మెట్లకిందికి వెళ్ళేది. కోట్ల మేస్త్రీ ఒకసారి, ఏమయ్యా, మీ అక్కాతమ్ముళ్ళకు చెడిందా అని అడిగాడు. ఏం లేదు, సీజను కదా, ఊపిరాడటం లేదు ఇద్దరికీ, అన్నాడు అతను.

పై ఆదివారం హాలుకు వెళ్ళాడు. కుర్చీలకు అంకెలు రాసిన కాగితాలు అంటించారు. అతనిది చివరి వరసలో చివరిది, తలుపు పక్కన. రెండుసార్లు ఓడితే ఇంటికే. మొదటి ఆటలో అయిదోస్థానం మనిషి ఎదురొచ్చాడు. అతను పడ్డాడు, లేచాడు, ఆగాడు. ఎదుటివాడు అతని గుద్దుకోసం చూసి చూసి తనే ముందుకొచ్చి దొరికిపోయాడు. ఆ ఆట గెలిచాడు. తర్వాతది ఓడాడు. ఆ తర్వాత రెండు గెలిచి, ఇంకోటి ఓడి, పన్నెండు మందిలో ఒకడుగా మిగిలి లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. పోయినేడు ఇదే హాల్లో అతను లేచి వెళ్ళినప్పుడు ఎవరూ తల తిప్పి చూడలేదు.

చేతిలో కాగితాలు పట్టుకుని తిరుగుతున్న నిర్వాహకుడు దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"పడి లేచేటప్పుడు భలే ఆగుతున్నారండి. పోయినేడు మీరు ఇలా లేరు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"మా కొట్టు పక్కన కాజాలు వేసే అక్క దగ్గర."

నిర్వాహకుడు ఉత్సాహంగా కాగితం పైకి తీశాడు. "లిస్టులో ఎన్నోవారు?"

"ముప్పై ఏడు."

ఆయన వేలితో కాగితం కిందిదాకా వెతికాడు. కాగితం ముప్పై రెండుతో అయిపోయింది. అలాగా, అన్నాడు. అని, పక్కన చెయ్యి ఊపుతున్న ఇంకెవరి దగ్గరికో వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతను మొదటినుంచి లెక్క వేసుకున్నాడు. వారంలో దిగిపోయిన పాయింట్లు నూట ముప్పై అయిదు. వాటి గురించి ఇప్పుడు బాధ లేదు, అవి పోయినందువల్లే వేలు ఆగింది. హాల్లో అతని పేర పడిన గెలుపులు మూడు. మూడూ ఆవిడవి. అచ్చంగా తనది అని చెప్పుకోగలిగిన గెలుపు ఒక్కటే ఉంది, అంతకు ముందు ఆదివారం సాయంత్రం, ఎదురుగా ఎవరూ లేనప్పుడు వచ్చింది.